అన్నీ మంచివే తింటున్నాం, మరి పొట్ట ఎందుకు ఉబ్బుతోంది?

మా సెక్టర్ 7 క్వార్టర్ల మధ్య రోడ్ల మీద పొద్దున్న ఆరింటికి రెండు రకాల మనుషులు ఎదురవుతారు. రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వస్తున్న ప్లాంటు ఉద్యోగులు ఒకవైపు, బూట్లు కట్టుకుని నడకకో పరుగుకో బయలుదేరినవాళ్లు మరోవైపు. ఈ రెండో జట్టు ఏటేటా పెరుగుతోంది. సంతోషించాల్సిన విషయమే. మా తెలుగు ఇళ్లలో తిండి కూడా మారింది. పూరీలు, మైదా బిస్కెట్లు తగ్గాయి. నానబెట్టిన శనగలు, పెసర మొలకలు, పాలు, ఓట్స్, యాపిల్, రాత్రికి అన్నం బదులు చపాతీ వచ్చాయి. అయితే సాయంత్రమయ్యేసరికి అవే ఇళ్లలో "పొట్ట బిగిసిపోయింది", "తిన్నది అరగలేదు", "గ్యాస్ పట్టేసింది" అన్న మాటలు కూడా ఎక్కువయ్యాయి. పెద్దవాళ్లే కాదు, మా తరగతుల్లో పిల్లలూ అంటున్నారు.

దీనికి ఇంట్లో వచ్చే జవాబులు సాధారణంగా రెండే. ఒకటి, "అందరికీ ఉండేదే, కాస్త గ్యాస్ పొడి తాగు." రెండోది, "ఈ మొలకలు గిలకలు మానేసి మామూలుగా తిను." ఈ రెండిటితోనూ మాకు పేచీ ఉంది. మొదటిది కారణం వెతకనివ్వదు. రెండోది ఏది కారణమో తెలియకుండానే మంచి తిండి అంతటినీ దోషిగా నిలబెడుతుంది. పొట్ట ఉబ్బరానికి కారణం ఉంటుంది. చాలాసార్లు అది ఇంట్లోనే, ఒక నోటుపుస్తకంతో, పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. దొరకనప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్లాలి, అప్పుడు ఆ పుస్తకం ఆయనకూ పనికొస్తుంది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. మా వయసు పిల్లలు చాలామంది ఉబ్బరాన్ని కొవ్వు అనుకుంటున్నారు. అద్దంలో పక్కకు తిరిగి చూసుకుని, రాత్రి భోజనం మానేసి, వంద సిట్‌అప్‌లు తీసి పడుకుంటున్నారు. పొద్దున్న చదునుగా ఉండి సాయంత్రానికి పొంగే పొట్ట కొవ్వు కాదు. కొవ్వు పన్నెండు గంటల్లో పెరిగి, పన్నెండు గంటల్లో కరగదు. ఎదిగే వయసులో ఈ పొరపాటు లెక్క మీద భోజనం మానడం ఉబ్బరం కంటే పెద్ద నష్టం.

ముందు ఆ వాయువు ఎలా పుడుతుందో చూద్దాం. మన చిన్నపేగు అరిగించుకోలేకపోయిన పిండిపదార్థాలు, చక్కెరలు పెద్దపేగుకు చేరతాయి. అక్కడ కోట్లకొద్దీ బాక్టీరియా వాటిని పులియబెడతాయి. రాత్రి రుబ్బి ఉంచిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి గిన్నె మూతను పైకెత్తడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. హైడ్రోజన్, కార్బన్ డై ఆక్సైడ్, కొందరిలో మీథేన్ పుడతాయి. ఇది జబ్బు కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి పేగుల్లోనూ ఎప్పుడూ 100 నుంచి 200 మిల్లీలీటర్ల వాయువు ఉంటుంది. రోజుకు 10 నుంచి 20 సార్లు అది బయటకు పోవడం కూడా మామూలే. (పాఠ్యపుస్తకం ఈ సంఖ్య రాయదు కాబట్టి మేం రాస్తున్నాం. నవ్వుకోండి, ఫరవాలేదు.)

చిక్కు ఎక్కడంటే, ఎక్కువ వాయువు పుట్టించే వస్తువుల జాబితా, "ఆరోగ్యానికి మంచిది" అని మనం రాసుకునే జాబితా చాలావరకు ఒకటే. శనగలు, రాజ్మా, ఛోలే, మినుములు వీటిలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. వాటిని విడగొట్టే ఎంజైమ్ మనిషి చిన్నపేగులో లేదు. ఎవరికీ లేదు. కాబట్టి అవి నేరుగా బాక్టీరియాకు విందు అవుతాయి. ఈ చక్కెరలు నీళ్లలో కరుగుతాయి. అందుకే శనగలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో ఉడికించే మన అమ్మమ్మల పద్ధతిలో నిజమైన పని ఉంది. ఆ నానిన నీళ్లలోనే బలమంతా ఉందని కొందరు తాగేస్తుంటారు. బలం సంగతి ఎలా ఉన్నా గ్యాస్ సరుకు మాత్రం అందులో బాగానే ఉంటుంది. మొలకెత్తితే ఈ చక్కెరలు కొంత తగ్గుతాయి, పూర్తిగా పోవు. పచ్చి మొలకలు గిన్నెడు తినేవాళ్లు వాటిని ఆవిరి మీద కాస్త ఉడికించి, సగం గిన్నెతో మొదలుపెట్టి చూడాలి. పీచు విషయమూ అంతే. నిన్నటిదాకా తెల్లన్నం తిన్నవాళ్లు ఇవాళ్టి నుంచి ఓట్స్, ఊక పిండి చపాతీ, సలాడ్ అన్నీ ఒకేసారి మొదలుపెడితే పేగు మొరాయిస్తుంది. రెండు మూడు వారాల మీద మెల్లగా పెంచితే చాలామందికి అలవాటవుతుంది.

పాల సంగతి మా ఊరికి బాగా సంబంధించినది. మా తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఈ ప్లాంటు కోసం వచ్చినవాళ్లు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అప్పటి నుంచి దేశం నలుమూలల మనుషులు ఇక్కడ పక్క పక్క క్వార్టర్లలో ఉంటున్నారు. మా బెంచీ మీద హర్యానా మూలాలున్న స్నేహితుడు పొద్దున్నే అర లీటరు పాలు తాగి వస్తాడు, హాయిగా ఉంటాడు. అది చూసి మన అమ్మలు మనకూ పెద్ద గ్లాసు పోస్తారు. పాలలోని లాక్టోజ్‌ను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ పసితనం దాటాక ప్రపంచంలో ఎక్కువ మందిలో తగ్గిపోతుంది. మన దేశంలో ఇలా తగ్గినవాళ్లు ఉత్తరాది కంటే దక్షిణాదిలో ఎక్కువ అని పరీక్షల్లో తేలింది. ఇది బలహీనత కాదు, వంశం నుంచి వచ్చిన లక్షణం. ఇలాంటివాళ్లలో చాలామంది పాలను పూర్తిగా మానక్కర్లేదు. కొద్దికొద్దిగా, అన్నంతో పాటు తీసుకుంటే ఇబ్బంది తగ్గుతుంది. పెరుగులో తోడు బాక్టీరియా లాక్టోజ్‌లో కొంత ముందే తినేస్తుంది కాబట్టి పాలు పడనివారికి కూడా పెరుగు, మజ్జిగ తరచుగా పడతాయి. జిమ్‌కు వెళ్లే అన్నయ్యలకు ఒక మాట. డబ్బా ప్రొటీన్ పొడి చాలావరకు పాల నుంచే తీస్తారు, వాటిలో కొన్ని రకాల్లో లాక్టోజ్ బాగానే మిగిలి ఉంటుంది. ఆ పొడి మొదలుపెట్టిన వారానికే పొట్ట ఉబ్బడం మొదలైతే అనుమానం మొదట దాని మీదే పడాలి. పైగా కండ పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లోనే ఉంది.

పళ్లలో యాపిల్, మామిడి, పుచ్చకాయ, అలాగే తేనె, వీటిలోని ఫ్రక్టోజ్ కొందరికి పూర్తిగా ఇంకదు. షుగర్‌లేని చూయింగ్ గమ్‌లో సార్బిటాల్ ఉంటుంది, అదీ అంతే. గమ్ నమిలేటప్పుడు గాలి మింగడం అదనం.

ఇక గోధుమ. ఇప్పుడు అందరూ "గ్లూటెన్" అనే మాట నేర్చుకున్నారు. మా ఇళ్లలో కూడా చపాతీ తింటే ఉబ్బరం అనగానే ఎవరో ఒకరు "గ్లూటెన్ పడటం లేదు" అని తీర్పు చెప్పేస్తారు. 2018లో నార్వేలోని ఓస్లో పరిశోధకులు ఒక పరీక్ష ప్రచురించారు. సీలియాక్ జబ్బు లేకపోయినా గ్లూటెన్ పడదని తమంతట తామే మానేసిన 59 మందికి మూడు రకాల తినే కడ్డీలు ఇచ్చారు. ఒకదానిలో గ్లూటెన్, ఒకదానిలో ఫ్రక్టాన్ అనే చక్కెర గొలుసు, ఒకదానిలో రెండూ లేవు. ఏది ఏదో తిన్నవారికి తెలియదు. ఎక్కువ ఇబ్బంది పెట్టింది గ్లూటెన్ కాదు, ఫ్రక్టాన్. అది గోధుమలోనే కాదు, ఉల్లి, వెల్లుల్లిలో కూడా ఉంటుంది. అంటే చపాతీని నిందిస్తూ పక్కన కూరలో నాలుగు ఉల్లిపాయలు వేసుకుంటున్నామన్నమాట! బియ్యంలో ఫ్రక్టాన్ దాదాపు లేదు. రాత్రి అన్నం తింటే పొట్ట తేలిగ్గా ఉందని చెప్పే నాన్నమ్మలను చాదస్తం అని కొట్టిపారేయకండి. మేం ఉంటున్నది వరి పండే ఛత్తీస్‌గఢ్‌లో. ఇక్కడివాళ్ల బోరే బాసీ, మన చద్దన్నం ఒక ఇంటి బిడ్డలే. 2022 నుంచి మే 1న బోరే బాసీ తినే వేడుక కూడా ఇక్కడ జరిగింది. అన్నం మానడమే ఆరోగ్యం అనే లెక్క మాకు నచ్చదు.

అయితే నిజంగా గోధుమ పడని జబ్బు ఒకటి ఉంది, అదే సీలియాక్. డచ్ పిల్లల వైద్యుడు విల్లెం డికే దాని కారణాన్ని పట్టుకున్న తీరు మాకు ఇష్టమైన కథ. పొట్ట ఉబ్బి, చిక్కి శల్యమై, ఎదుగుదల ఆగిన పిల్లలు ఆయన ఆసుపత్రికి వచ్చేవారు. రొట్టె మీద ఆయనకు 1930లలోనే అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకలేదు. దేశమంతా ఆకలితో అల్లాడుతుంటే ఈ పిల్లలు మాత్రం మెరుగయ్యారు. రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడ్డారు. 1950లో ఆయన తన సిద్ధాంత వ్యాసంలో గోధుమే కారణమని చూపారు. తీస్తే తగ్గింది, పెడితే తిరిగి వచ్చింది. కారణం కనుక్కోవడానికి ఈ రెండో సగం చాలా ముఖ్యం, మనం ఇళ్లలో సాధారణంగా వదిలేసేది కూడా దాన్నే.

మన దేశంలో 2016లో ప్రచురించిన ఒక పెద్ద సర్వేలో సీలియాక్ ఉత్తరాదిలో వందకు ఒకరికి కాస్త పైగా, దక్షిణాదిలో వెయ్యికి ఒకరు చొప్పున కనిపించింది. మనకు తక్కువే, కానీ లేదని కాదు. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పక తెలియాలి. సీలియాక్ రక్తపరీక్ష గోధుమ తింటూ ఉన్నప్పుడు చేస్తేనే సరిగ్గా చెబుతుంది. ముందే నెలల తరబడి చపాతీ మానేసి పరీక్షకు వెళితే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. అందుకని అనుమానం ఉంటే ముందు పరీక్ష, తర్వాతే మానడం.

ఇప్పటిదాకా తిండి గురించే చెప్పాం. సగం కేసుల్లో నేరం తిండిది కాకపోవచ్చు. బస్సు వస్తోందని ఐదు నిమిషాల్లో మింగిన ఇడ్లీలతో పాటు బోలెడు గాలి లోపలికి పోతుంది. పరుగెత్తి వచ్చి రొప్పుతూ సీసాడు నీళ్లు గటగటా తాగినా అంతే. తిన్న వెంటనే గట్టి వ్యాయామం చేస్తే రక్తం కాళ్ల వైపు వెళ్లి పొట్టలో పని మందగిస్తుంది. భోజనం తర్వాత మెల్లగా నడిస్తే మాత్రం లోపలి వాయువు ముందుకు కదులుతుంది. అమ్మాయిల్లో నెలసరికి ముందు రోజుల్లో ఉబ్బరం మామూలు, ఆ రోజుల్లో ఏ కూరనూ శిక్షించక్కర్లేదు. స్పెయిన్‌లోని బార్సిలోనా వైద్యులు మరో విచిత్రం కనుక్కున్నారు. కొందరిలో వాయువు పెద్దగా పెరగదు. తిన్న తర్వాత ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండరం పైకి సర్దుకోవాల్సింది పోయి కిందికి నొక్కుతుంది, పొట్ట ముందు గోడ వదులవుతుంది, దాంతో పొట్ట ముందుకు పొంగుతుంది. ఇలాంటివారికి పొట్ట కండరాలను, ఊపిరిని అదుపు చేసుకోవడం నేర్పితే తగ్గింది. ఏ పొడీ దీనికి పనిచేయదు.

పొడి అన్నాం కాబట్టి చెబుతాం. వంటసోడా ఆమ్లంతో కలిస్తే ఏ వాయువు వస్తుందో పదో తరగతిలో అందరం చూశాం. కార్బన్ డై ఆక్సైడ్. గ్యాస్ పొడుల్లో చాలావాటి అసలు పని పుల్లటి త్రేన్పులను, ఛాతీ మంటను తగ్గించడం. పెద్దపేగులో శనగలు పుట్టించే వాయువుకు దానితో సంబంధం లేదు. త్రేన్పు రాగానే హాయిగా అనిపించేది ఆ పొడి పుట్టించిన వాయువే బయటకు రావడం వల్ల!

మరి కారణం ఎలా పట్టుకోవాలి? మా నాన్నలు ప్లాంటులో చేసేదే చేయాలి. ఒక యంత్రం వేడెక్కితే అన్ని భాగాలూ ఒకేసారి మార్చరు. షిఫ్టు లాగ్‌బుక్ తీసి ఎప్పుడు, దేని తర్వాత వేడెక్కిందో చూస్తారు. ఒక్కటి మార్చి నడిపి చూస్తారు. సైన్సు ప్రయోగాల్లో మనకు నేర్పేదీ ఇదే, ఒకసారి ఒక్కటే మార్చాలి.

మాలో పదకొండో తరగతి చదివే ఒక అమ్మాయి లెక్క చూడండి. పొద్దున్న పరుగు, వచ్చాక అరటిపండుతో గ్లాసుడు పాలు, గిన్నెడు పచ్చి మొలకలు, బడి డబ్బాలో రెండు చపాతీలు, ఆలూ గోబీ. మొదటి వారం ఏదీ మార్చకుండా రాసింది. ఏం తింది, ఎన్నింటికి, ఎంతసేపట్లో, ఎప్పుడు ఉబ్బింది, ఎంత నీళ్లు, విరేచనం అయిందా లేదా, నిద్ర ఎంత. వారం చివర చూస్తే ఉబ్బరం రెండు వేళల్లో ఉంది, పొద్దున్న తొమ్మిదింటికి ఒకసారి, రాత్రి ఒకసారి. రెండో వారం పాలు తీసి పెరుగు పెట్టింది. పొద్దుటి ఉబ్బరం సగమైంది. రెండు రోజులు మళ్లీ పాలు తాగితే తిరిగి వచ్చింది. మూడో వారం మొలకలు ఉడికించి సగం చేసింది, పొద్దుటిది దాదాపు పోయింది. రాత్రిది మాత్రం కదల్లేదు. వాళ్ల నాన్నమ్మ మొదటి నుంచీ చపాతీదే తప్పు అంటోంది. పుస్తకంలో ఇంకో గడి చూస్తే వేరే సంగతి బయటపడింది. వారంలో నాలుగు రోజులు విరేచనం లేదు, నీళ్ల సీసా నిండుగా ఇంటికి వస్తోంది. బడిలో మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడమే తగ్గించుకుంది. నాలుగో వారం పది నిమిషాలు ముందు లేచి ఆ సమయం మరుగుదొడ్డికి కేటాయించింది, సీసా ఖాళీ చేసి తెచ్చింది. రాత్రి ఉబ్బరం తగ్గింది. చపాతీలు రెండూ అలాగే ఉన్నాయి.

ఇది ఆ ఒక్క అమ్మాయి సంగతి కాదు. బడికి వెళ్లే ఆడపిల్లల్లో ఎంతమంది పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా ఆపుకుంటారో అమ్మలు ఒకసారి అడిగి చూడాలి. మలబద్ధకం ఉంటే వెనక పుట్టిన వాయువుకు దారి ఉండదు, ఎంత మంచి తిండి తిన్నా లాభం లేదు. శుభ్రమైన మరుగుదొడ్డి, అడిగితే నవ్వకుండా పంపే వాతావరణం ఏ బడిలోనైనా పోషకాహార కార్యక్రమంలో భాగమే అని మా వాదన.

ఒకటొకటిగా మార్చడం కాక, అనుమానం ఉన్నవన్నీ ఒకేసారి ఆపి తర్వాత ఒక్కొక్కటే తిరిగి చేర్చే పద్ధతి కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని ఫాడ్‌మ్యాప్ పేరుతో తీర్చిదిద్దారు. కొన్ని వారాలు మాత్రమే ఆపాలి, ఎప్పటికీ కాదు. ఎదిగే పిల్లలు డైటీషియన్ లేకుండా దాని జోలికి పోకూడదు. పప్పు, పాలు, పళ్లు, గోధుమ అన్నీ ఆపేస్తే ఉబ్బరం తగ్గొచ్చు, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు రక్తహీనత రావచ్చు.

నోటుపుస్తకం పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. బరువు తగ్గిపోవడం, మలంలో రక్తం, ఆగని వాంతులు లేదా విరేచనాలు, జ్వరం, నిద్ర లేపే నొప్పి, పాలిపోవడం, పిల్లల్లో ఎత్తు పెరగడం ఆగిపోవడం. యాభై దాటిన అమ్మలకు, అమ్మమ్మలకు కొత్తగా ఉబ్బరం మొదలై వారాల తరబడి ఉంటే అండాశయాలను కూడా పరీక్షించమని అడగాలి. "గ్యాసే" అని ఇంట్లో అందరికీ వండిపెడుతూ నెలలు గడిపేది వాళ్లే కాబట్టి ఇది పిల్లలం మనమే గుర్తుంచుకోవాలి.

పేగు జబ్బును "అరుగుదల లేదు" అని వదిలేస్తే ఏమవుతుందో మన తెలుగువాళ్లకు ఒక ఇంటి చరిత్ర తెలుసు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ముల్లో ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, పొట్ట పాడై, రక్తం క్షీణించే జబ్బు అది. ఆయనకూ వచ్చింది, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. తర్వాత అమెరికా వెళ్లిన ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయగలిగింది. అదే స్ప్రూ రోగుల రక్తహీనతకు మందైంది.

మీరు పుస్తకం మొదలుపెట్టాలనుకుంటే పరీక్షల వారంలో వద్దు, నిద్ర, భయం అన్నీ కలిసిపోయి ఏదీ తెలియదు. మామూలు వారం చూసుకోండి. నాన్నకు రాత్రి షిఫ్టు ఉన్న వారం ఇంటి భోజన వేళలు మారతాయి కాబట్టి పేజీ పైన అది కూడా రాయండి. సెలవులకు ఊరు వెళ్లేటప్పుడు పుస్తకం వెంట తీసుకెళ్లండి. అక్కడ నీళ్లు, బియ్యం, పడుకునే వేళ, నమిలి తినే తీరిక అన్నీ వేరు. ఇక్కడ రోజూ ఉబ్బే పొట్ట అక్కడ పది రోజులు మాట్లాడకపోతే, ఈ రెండు ఊళ్ల మధ్య మారినవాటి జాబితా మీ చేతిలోనే ఉంటుంది. తిరిగి వచ్చాక వాటిలో ఒక్కొక్కటే తీసుకుని చూడొచ్చు.